ఆరితేనే ఉతికినట్టు

ఆగస్టు నెలలో దక్షిణ ఒడిశా జిల్లాల్లో, కోరాపుట్‌లోనో సునాబెడలోనో ఏ తెలుగువాళ్ల ఇంటికి వెళ్లినా ముందుగా ఎదురయ్యేది హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి కట్టిన దండెం. దాని మీద మొన్నటి జీన్స్ ప్యాంటు, నిన్నటి స్కూలు యూనిఫాం, ఈ పూట ఉతికిన తువ్వాళ్లు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. వచ్చినవాళ్లు తల వంచుకుని ఆ బట్టల కింద నుంచి వెళ్లి కుర్చీలో కూర్చోవాలి. ఇంటావిడ మాట్లాడుతూనే జీన్స్ నడుం పట్టీని వేళ్లతో నొక్కి చూస్తుంది. ఇంకా చల్లగానే తగులుతుంది. తిరగేసి మళ్లీ వేస్తుంది.

బట్టలుతకడం అనగానే మాటలన్నీ సబ్బు మీదికో, మరకల మీదికో, మెషీన్ల మీదికో పోతాయి. ఈ జిల్లాల్లో అసలు తిప్పలు ఆ నడుం పట్టీ దగ్గరున్నాయి. బట్టలో మురికి పోవడానికి గంట చాలు. బట్టలో నీళ్లు పోవడానికి ముసురు పట్టిన వారంలో మూడు రోజులు కూడా చాలవు. ఇంట్లో ఉన్నా, ఊరెళ్లినా, ఏది ఎప్పుడు ఉతకాలో, ఏ బట్ట కొనాలో, ఏ మెషీన్ తీసుకోవాలో ఈ ఒక్క సంగతి చూసి తేల్చుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు కొత్తగా వచ్చింది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సుగా ఏర్పడేదాకా ఈ నేలలో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. తర్వాత సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీకి, దమంజోడి అల్యూమినా ఫ్యాక్టరీకి, రాయగడ పక్కన జేకేపూర్ పేపరు మిల్లుకి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లూ కలిశారు. వీళ్లందరూ తెలుగే మాట్లాడుకున్నా దండేల మీది వాతావరణం మాత్రం ఒకటి కాదు. బరంపురం నుంచి గోపాలపూర్ సముద్రం పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. అక్కడ ఎండ ఉంటుంది కానీ గాలిలో ఎప్పుడూ చెమ్మే. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. జూన్ రెండో వారం దాటాక మబ్బు కొండల మీదే కూర్చుంటుంది. శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికి వచ్చిన కొత్తకోడలు మొదటి వానాకాలంలోనే ఈ తేడా తెలుసుకుంటుంది. పుట్టింట్లో పొద్దున ఉతికినవి సాయంత్రానికి మడతపెట్టేది. ఇక్కడ "వానొస్తోంది, బట్టలు తియ్యండర్రా!" అన్న కేక రోజుకి నాలుగుసార్లు వినబడుతుంది.

తడి బట్ట ఆరాలంటే దానిలోని నీరు ఆవిరై గాలిలో కలవాలి. గాలి అప్పటికే నీటితో నిండి ఉంటే ఇంకా తీసుకోదు. అందుకే తలుపులూ కిటికీలూ బిగించి ఫ్యాను వేస్తే మొదటి గంట పనిచేసినట్టే ఉండి తర్వాత ఆగిపోతుంది. చేత్తో పిండిన బకెట్టెడు నూలు బట్టల్లో లీటరుకు తక్కువ కాకుండా నీళ్లు మిగిలి ఉంటాయి. అవన్నీ ఆ గదిలోకే వస్తాయి. గోడ మీద, బీరువా వెనక నల్లగా బూజు పట్టడానికి వాన ఒక్కటే కారణం కాదు, ఇంట్లో ఆరేసిన బట్టలు కూడా. బయట వాన పడుతున్నా సరే, ఒక కిటికీ కొంచెం తెరిచి, ఫ్యాను గాలి బట్టల మీదుగా ఆ కిటికీ వైపు వెళ్లేలా చూడాలి. వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే దండెం దాని దారిలో కట్టడం ఇంకా మేలు. బట్టకీ బట్టకీ మధ్య అరచెయ్యంత సందు లేకపోతే ఎంత గాలి వీచినా మధ్యలోవి ఆరవు. చోటు చాలక ఒకదాని మీద ఒకటి వేసేవాళ్లు రెండు విడతలుగా ఉతుక్కుంటేనే త్వరగా తెములుతుంది.

ఏ బట్ట ఎంత నీరు పట్టుకుంటుందన్నది దాని పోగును బట్టి ఉంటుంది. మామూలు గాలిలో, పైకి పొడిగా కనబడే నూలు బట్టలో కూడా దాని బరువులో 8.5 శాతం దాకా తేమ ఉంటుంది. పట్టులో 11 శాతం దాకా. పాలిస్టర్‌లో 0.4 శాతమే. నూలు పోగు నీటిని తన లోపలికి తీసుకుంటుంది, పాలిస్టర్ పోగుల మధ్య సందుల్లో మాత్రమే నీరు నిలుస్తుంది. అందుకని ఒకే రోజు ఉతికిన, పాలిస్టర్ కలిసిన టెరికాట్ చొక్కా సాయంత్రానికి ఆరితే దుప్పటి మర్నాటికి కూడా ఆరదు. ముసురు వారంలో దుప్పట్లు, జీన్స్, దళసరి తువ్వాళ్లు ఆపేసి, లోదుస్తులు, చొక్కాలు, పిల్లల యూనిఫాంలు మాత్రం ఏ రోజుకారోజు ఉతుక్కోవడం ఈ ఊళ్లలో చాలా ఇళ్లలో అలవాటే. అది బద్ధకం అని అత్తగార్లు అంటుంటారు. లెక్కప్రకారం అదే సరైన పని.

ఆలస్యంగా ఆరిన బట్టకి వచ్చే ముక్క వాసన సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సబ్బు తక్కువైందనుకుని మళ్లీ సర్ఫు పోసి ఉతుకుతారు, వాసన పోయినట్టే పోయి ఒంటి మీద చెమట తగలగానే తిరిగి వస్తుంది. 2012లో జపాన్ పరిశోధకులు ఈ వాసనకు ముఖ్య కారణం మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా అని తేల్చారు. ఉతికాక కూడా పోగుల్లో మిగిలిపోయిన ఒంటి జిడ్డు దానికి తిండి, గంటల తరబడి నిలిచే తడి దానికి చోటు. ఎండబెట్టినా అది పూర్తిగా చావదు, మళ్లీ తడి తగిలితే మేలుకుంటుంది. ఈ మాట తెలిశాక చేయాల్సింది తేలిగ్గానే బోధపడుతుంది. చంకలు, కాలరు దగ్గర జిడ్డు ముందే సబ్బు రుద్ది వదిలించాలి. వాసన పట్టిన బట్టల్ని, రంగు ఓర్చుకునేవైతే, బాగా మరిగిన వేడినీళ్లలో అరగంట ఉంచాలి. కొంచెం చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేసేస్తే అటు ఆరడం, ఇటు సూక్ష్మజీవులు తగ్గడం రెండూ అవుతాయి. సువాసన లిక్విడ్లు ఈ వాసనను కప్పుతాయి, పోగొట్టవు. పైగా వాటిని తువ్వాళ్లకి వాడితే పోగు మీద పొరలా పట్టి, తువ్వాలు ఒంటి మీద నీళ్లు పీల్చుకోవడం మానేస్తుంది.

మన అమ్మమ్మల కాలంలో ఈ వేడి నీళ్ల పని చాకిరేవులో జరిగేది. చవుడు మన్ను నీళ్లలో ముంచిన బట్టల్ని బానల మీద ఆవిరికి ఉబ్బబెట్టేవారు. చవుడులో ఉండేది ఇవాళ మనం వాషింగ్ సోడా అనే క్షారమే. జిడ్డును ఆ క్షారం లాగేది, ఆవిరి వేడి తక్కిన పని చూసుకునేది. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాక ఉతుకు ఇంటి పెరట్లోకి, తర్వాత బాత్‌రూంలోకి మారింది. దాంతోపాటు వేడి పోయింది, ఇంటి ఆడవాళ్ల నడుము మీద బరువు పెరిగింది. రేవులో ఒక కులం చేతుల మీద ఉన్న చాకిరీ ఇంట్లో ఒక మనిషి చేతుల మీదికి వచ్చింది. ఆ రేవు పని చేసినవాళ్లకి కూడా ఒడిశా-ఆంధ్ర సరిహద్దు ఒక గీత గీసింది. ఒడిశాలో ధోబాలు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నారు. అదే పని చేసిన రజకులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-ఏలో ఉన్నారు. సరిహద్దు ఊరు ఇచ్ఛాపురం ఇవతల ఒక లెక్క, అవతల ఒక లెక్క.

ఇక మెషీన్. సెమీ ఆటోమేటిక్ మెషీన్లో రెండో టబ్బుని అందరూ డ్రయర్ అంటారు. నిజానికి అది ఆరబెట్టదు, వేడి చేయదు. గిరగిరా తిప్పి నీళ్లను విసిరేస్తుంది, అంతే. కానీ ఈ జిల్లాల్లో మెషీన్లో అన్నిటికంటే విలువైన భాగం అదే. చాలా సెమీ మెషీన్లలో ఆ టబ్బు నిమిషానికి 1300 చుట్లు దాకా తిరుగుతుంది. పైన మూత ఉండే ఫుల్లీ ఆటోమేటిక్‌లు ఎక్కువగా 700 ప్రాంతంలోనే తిరుగుతాయి. ముందు తలుపు ఉండేవి 1000 నుంచి 1400 దాకా వెళ్తాయి. షాపులో ఎన్ని కిలోలు, ఎన్ని ప్రోగ్రాములు అని అడుగుతాం. కోరాపుట్, సెమిలిగుడ, రాయగడల్లో ఉండేవాళ్లు ముందు అడగాల్సింది నిమిషానికి ఎన్ని చుట్లు అని. ధర ఎక్కువ పెట్టి కొన్న మెషీన్ కన్నా పక్కింటి పాత సెమీ మెషీన్ లోంచి వచ్చిన ప్యాంటు ముందు ఆరడానికి కారణం ఇదే. ముసురులో రెండుసార్లు స్పిన్ చేస్తే అయ్యే కరెంటు ఖర్చు, రాత్రంతా ఫ్యాను తిప్పితే అయ్యేదానికన్నా తక్కువే.

ఆరడం తర్వాత అంత ముఖ్యమైంది నీరు. ఇక్కడి ఎర్రమట్టి నేలల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఇనుము ఉంటుంది. బోరు కొట్టగానే నీళ్లు తెల్లగానే వస్తాయి. బకెట్లో గంటసేపు ఉంచితే గాలి తగిలి అడుగున తుప్పు రంగు పేరుకుంటుంది. తెల్ల బనీను నెల తిరక్కుండానే పచ్చబడటం ఆ తుప్పు వల్లే. అప్పుడు చాలామంది చేసే పని బ్లీచింగ్ పౌడరు కలపడం. దానితో ఇనుము ఇంకా గట్టిగా తుప్పుగా మారి పోగులో దిగబడుతుంది, మరక ముదురుతుంది. తుప్పుకి విరుగుడు పులుపు. నిమ్మరసం, ఉప్పు కలిపి రాసి ఎండలో ఉంచితే ఇనుము కరిగి వదులుతుంది. కొండదారిలో బస్సు దిగి నడిచినవాళ్ల ప్యాంటు అంచుకి అంటే ఎర్రమట్టి కూడా ఇనుప సంబంధమే. దాన్ని తడిమీద రుద్దకూడదు, ఆరనిచ్చి దులపాలి. రుద్దితే లోపలికి పోతుంది. ఇనుము ఉన్న నీటిని రాత్రే తొట్టిలో పట్టి, పొద్దున పైతేట మాత్రం ముంచుకోవడం ఖర్చు లేని ఉపాయం.

వేరే ఊళ్లలో గట్టి నీళ్ల బాధ ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీటిలో బార్ సబ్బు నురగ రాదు, బూడిదరంగు తెట్టులా బట్టకి పడుతుంది. పరీక్ష చిన్నది. సీసాలో నీళ్లు పోసి గోరంత బట్టల సబ్బు గీరి వేసి గిలకొట్టాలి. నురగ నిలిచితే మెత్తని నీరు, పాలలా విరిగితే గట్టి నీరు. గట్టి నీటికి బార్ సబ్బు కన్నా పొడి నయం, చెంచాడు వాషింగ్ సోడా కలిపితే ఇంకా నయం. వాన నీటిలో ఇవేవీ ఉండవు. రేకు మీద నుంచి మొదటి జల్లు పోనిచ్చి తర్వాత పట్టిన నీటిలో సగం సబ్బుతోనే బట్ట తెల్లబడుతుంది, జాడించడం కూడా తేలిక.

సబ్బు ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అన్న నమ్మకం వదులుకోవడం కష్టమే. నురగ చూస్తే తృప్తిగా ఉంటుంది. అయితే జాడించగా మిగిలిన సబ్బు పోగుల్లో ఉండి మురికిని తిరిగి పట్టుకుంటుంది, పసిపిల్లల మెడ దగ్గర ఎర్రగా దద్దులు రావడానికీ అది ఒక కారణం. మూడోసారి జాడించిన నీళ్లలో ఇంకా నురగ కనబడుతోందంటే పోసిన పొడి ఎక్కువైనట్టు.

పసుపు మరక దగ్గర ఒక చిన్న వింత జరుగుతుంది. రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లొచ్చిన తెల్ల చొక్కా మీద పసుపు చెయ్యి పడిందనుకోండి. ఇంటికి రాగానే సబ్బు రుద్దితే పచ్చటి మరక ఒక్కసారిగా రక్తంలా ఎర్రబడుతుంది. చొక్కా పాడైందని కంగారు పడతారు. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, అంతకుమించి ఏమీ కాలేదు. నీళ్లలో జాడిస్తే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది. దాన్ని పోగొట్టేది ఎండ. కర్క్యుమిన్‌కి ఎండ అస్సలు పడదు. తడిగా ఉండగానే మరక ఉన్న వైపు సూర్యుడికి పెట్టి ఆరేస్తే, రెండు మూడు ఎండల్లో రుద్దుడు లేకుండానే పోతుంది. వానాకాలం పెళ్లిళ్లలో పడిన పసుపు మరకలు ఇంటిలోపల ఆరి ఏళ్ల తరబడి మిగిలిపోవడం అందుకే.

పట్టు విషయంలో ఈ జిల్లాలకి సొంత బాధ్యత ఉంది. బరంపురం పట్టు, గుడి గోపురాల అంచు ఉండే ఆ ఫొడా కుంభ చీర, భౌగోళిక గుర్తింపు పొందినది. దాన్ని నేసే వీధుల్లో తెలుగు వినబడుతుంది. పట్టు పోగు ప్రోటీన్. ఇప్పటి సర్ఫు ప్యాకెట్ల మీద ఎంజైములు ఉన్నాయని గొప్పగా రాస్తారు. రక్తం, పాలు, గుడ్డు మరకల్లోని ప్రోటీన్‌ని కొరికేసే ఎంజైములవి. అవి మరక ఏదో పట్టు ఏదో తేడా చూడవు. నెమ్మదిగా చీరనే కొరుకుతాయి, మెరుపు పోయి పోగు లేస్తుంది. పైగా నూలు తడిస్తే బలం పెరుగుతుంది, పట్టు తడిస్తే బలం తగ్గుతుంది. రేయాన్‌కైతే దాదాపు సగం బలం పోతుంది. తాతల నాటి నూలు పంచె బండ మీద బాదినా ఓర్చుకుంది, పట్టు ఓర్చుకోదు. కుంకుడుకాయల పులుసు చల్లారాక, వడగట్టి, అందులో ఐదు నిమిషాలు మాత్రం ఉంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో ఆరేయాలి. ఒడియా ఇళ్లలో కూడా పట్టుకి ఇదే పద్ధతి. వాళ్లు కుంకుడుని రిఠా అంటారు.

ఇప్పుడు ప్రయాణం సంగతి. ఈ జిల్లాల నుంచి చాలామంది వెళ్లే పెద్ద ప్రయాణం విహారయాత్ర కాదు, వైద్యం. కోరాపుట్, రాయగడ, గుణుపురం నుంచి విశాఖలోని ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌కో, అక్కడి ప్రైవేటు ఆస్పత్రులకో వెళ్తారు. రెండు రోజులనుకుని వెళ్లింది పది రోజులవుతుంది. రోగి పక్కన ఉండే మనిషి దగ్గర ఉండేవి రెండు జతలు. లాడ్జిలో అయితే బాత్‌రూం తలుపు మీద "ఇక్కడ బట్టలు ఉతకరాదు" అని బోర్డు ఉంటుంది. వార్డు బయట వరండాలో కిటికీ ఊచలకి ఆరేసిన చీర చూసి సిబ్బంది తీయమంటారు. ఊచల మీద తడి బట్టలుంటే ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది, వాళ్లు చెప్పేది నిజమే. కానీ రోగి తోడుగా వచ్చినవాళ్లకి ఒక కుళాయి, ఒక దండెం ఉన్న చిన్న చోటు ఆస్పత్రి ఆవరణలో ఉంచడం మందులంత అవసరం. మాసిన బట్టతో పది రోజులు మంచం పక్కన కూర్చున్న మనిషి రోగికి కూడా మంచి చేయడు.

అలాంటి ప్రయాణానికి బట్టలు సర్దుకునేటప్పుడే ఆరే బట్టలు ఎంచుకోవాలి. జీన్స్ ఇంట్లో వదిలేయాలి. పల్చటి టెరికాట్ ప్యాంటు, సింథటిక్ చీర లేదా పల్చటి నైటీ, దళసరి టర్కీ తువ్వాలు బదులు గళ్ల తువ్వాలు. గళ్ల తువ్వాలు త్వరగా ఆరుతుంది, దుప్పటిగా పనికొస్తుంది, పక్కగానూ వేసుకోవచ్చు. మూడు నాలుగు గజాల నైలాన్ తాడు, పది క్లిప్పులు, చిన్న డబ్బాలో సగం సబ్బు ముక్క. బరువు అరకిలో కూడా ఉండదు.

ఉతకడం రాత్రి స్నానంతోపాటే కానివ్వాలి. ఒంటి మీది చొక్కా విప్పి అదే నీళ్లలో కాలరు, చంకలు, చేతి అంచులు రుద్ది జాడిస్తే ఐదు నిమిషాలు. రోజూ ఒక జత ఉతికేవాళ్లకి మరకలు పేరుకోవు, గుట్ట కూడా పేరుకోదు. పిండిన చొక్కాని పొడి తువ్వాలు మీద పరిచి, చాపలా చుట్టి, ఆ చుట్టను మోకాలితో నొక్కాలి. తువ్వాలు తడుస్తుంది, చొక్కా సగం ఆరినట్టే అవుతుంది. తర్వాత హ్యాంగర్‌కి వేసి ఫ్యాను కింద తగిలించాలి. అరగంట తర్వాత లేచి చూస్తే పైభాగం ఆరుతూ ఉంటుంది, నీరంతా కిందికి దిగి అంచులో నిలిచి ఉంటుంది. ఆ అంచుని ఒక్కసారి గుప్పిట్లో పట్టి పిండాలి. ఈ రెండో పిండుడు చేయనివాళ్ల చొక్కా తెల్లారేసరికి జేబుల దగ్గర, అంచు దగ్గర తడిగానే ఉంటుంది. జేబులు బయటికి తీసి, ప్యాంటు తిరగేసి నడుం పట్టీ పైకి వచ్చేలా వేయడం కూడా మరవకూడదు.

తెల్లారి బండి ఎక్కాల్సి ఉండి బట్ట ఆరకపోతే ప్లాస్టిక్ కవర్లో కట్టేయడం అందరం చేసేదే. విజయనగరం నుంచి రాయగడ మీదుగా కోరాపుట్ దాకా వెళ్లే రైల్లో ఆ కవరు పగలంతా ఎండ వేడికి ఉడుకుతుంది. సాయంత్రం విప్పేసరికి వాసన, ఎర్ర జాకెట్టు రంగు తెల్ల చొక్కాకి అంటి ఉంటుంది. పాత పేపరు మధ్య పరిచి చుట్టి, గుడ్డ సంచిలో పెట్టి, మూతి కట్టకుండా బ్యాగు పైనే ఉంచితే అంత అనర్థం జరగదు. రంగువి, తెల్లవి ఒక్క సంచిలో కలపకూడదు.

తుఫాను సంగతి కూడా ఇక్కడే అనుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీద కుండపోతగా కురిసింది. అలాంటప్పుడు రోజుల తరబడి కరెంటు ఉండదు, మెషీన్ మూలన పడి ఉంటుంది, వరద నీళ్లలో నానిన బట్టలు గుట్టలుగా ఉంటాయి. వాటిని ముందు ఏ సబ్బూ లేకుండా, మట్టి వదిలేదాకా ఉత్త నీళ్లలో జాడించాలి. ఎర్రమట్టి మిగిలి ఉండగా బ్లీచింగ్ పోస్తే అందులోని ఇనుము ఇంకా దిగబడుతుందని పైన చెప్పుకున్నదే. మట్టి పోయాకే వేడి నీళ్లు, సబ్బు, ఆపైన నూలు తెల్లబట్టలకి మాత్రం కొంచెం బ్లీచింగ్. ఇంట్లోవన్నీ ఒకేసారి ఆరే వీల్లేకపోతే ఒంటికి తగిలేవి ముందు, దుప్పట్లు చివర ఉతకాలి.

ఎక్కడికి వెళ్లి వచ్చినా ఇంటి గుమ్మం దాటగానే బ్యాగులోంచి ముందు తీయాల్సింది ఆ తడి సంచే. ఉతికే ఓపిక లేకపోతే ఫర్వాలేదు, విప్పి దండెం మీద పరిచి ఫ్యాను వేస్తే చాలు. రేపు పొద్దున ఉతకవచ్చు.